పాడైందని తెలిసీ పోసిన వైన్

క్రైస్తవుల ఆరోహణ పండుగ గురువారం పొద్దున్నే మురియెల్ వంటింటి బల్ల మీద గ్లాసులు పరిచి ఒక్కొక్కటే తుడుస్తోంది. ఆ రోజు నుంచి మూడు రోజులు ఊళ్ళో ద్రాక్షతోటలున్న ప్రతి ఇల్లూ వైన్ నిలవచేసే సెల్లారు తలుపులు తెరిచి పెడుతుంది. వచ్చినవాళ్ళందరికీ ఆ ఏటి వైన్ రుచి చూపిస్తుంది. కింద రోన్ నది లోయ నుంచి వచ్చే గాలి అప్పటికే వాకిట్లో కట్టిన గుడారం అంచులు కొడుతోంది. మురియెల్ భర్త బాస్టియెన్ బల్లలు మోస్తున్నాడు. అత్తగారు ఫిలొమెన్ నల్ల గౌను వేసుకుని, జుట్టు గట్టిగా వెనక్కి దువ్వుకుని, కాఫీ తాగుతూ కూర్చుంది.

డెబ్బై మూడేళ్ళ ఫిలొమెన్ ముక్కంటే ఆ చుట్టుపక్కల పేరు. గ్లాసు ముక్కు కింద ఒకసారి తిప్పి, ఈ ఆర్వీన్ తెల్లవైన్ పైగట్టు తోటదా, కింది గట్టు తోటదా చెప్పేది. పోయిన ఏడు వడగళ్ళు పడ్డది ఎవరి తోటలోనో కూడా చెప్పిందని బాస్టియెన్ గర్వంగా చెప్పుకునేవాడు. ఆమె భర్త పోయాక ఏ పీపా అట్టే పెట్టాలి, ఏది దేనితో కలపాలి అన్నది ఆమె మాటే. వచ్చిన అతిథులకి వైన్ గురించి చెప్పేదీ ఆమే.

మురియెల్ ఆ ఇంటికి వచ్చి పద్నాలుగేళ్ళు. ఆమెది లెమాన్ సరస్సు ఒడ్డున లావో ప్రాంతం. అక్కడా కొండంతా ద్రాక్షే, కానీ ఎక్కడ చూసినా షాస్లా రకం తీగలే. ఆ షాస్లానే ఇక్కడ ఫాందాన్ అంటారు. దాని పక్కన ఆర్వీన్, కొర్నాలాన్, ఉమాన్య అంటూ సవాలక్ష పేర్లు. కొత్తకోడలుగా చేసిన మొదటి విందులో ఆమె కొర్నాలాన్ తాగి ఉమాన్య అనుకుని మెచ్చుకుంది. ఫిలొమెన్ చుట్టాలందరి ముందూ నవ్వి, "పాపం, ఒక్క ద్రాక్షతో పెరిగిన పిల్ల, దానికేం తెలుస్తుంది" అంది. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. ఆ తర్వాత మురియెల్ ఆ ఇంట్లో ఏ వైన్ గురించీ నోరు విప్పలేదు. తీగలు కత్తిరించింది, బుట్టలు మోసింది, వానలకి జారిన రాతిగోడలు తిరిగి పేర్చింది. సాయంత్రాలు ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం గ్లాసులు ముక్కు దగ్గర పెట్టుకుని నేర్చుకుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ పొద్దున ఉండబట్టలేక అడిగింది. "అత్తయ్యా, ఈసారి ఫాందాన్ గురించి నేను చెప్పనా? అది మా ఊరి ద్రాక్షే కదా."

ఫిలొమెన్ తల ఎత్తలేదు. "పోయడం నీ పని, చెప్పడం నా పని. ఎవరి పని వాళ్ళు చేసుకుంటే బాగుంటుంది."

గుడారం తాళ్ళు కట్టడానికి వచ్చిన పొరుగావిడ పక్కకి తిరిగి నవ్వుకుంది. మురియెల్ ఆ నవ్వు చూసింది.

మధ్యాహ్నానికి వాకిలి నిండిపోయింది. నూషాటెల్ నుంచి ఏటా వచ్చే అర్మాన్ మాస్టారు ముందు వరసలో ఆయన కుర్చీలో కూర్చున్నారు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన ఫిలొమెన్ మాటలు వినడానికే వస్తారు. ఆ ఇంటి పద్ధతి ఏమిటంటే, మురియెల్ పక్క బల్ల దగ్గర సీసా తెరిచి, మొదటి గ్లాసు అత్తగారికి పోస్తుంది. ఆమె దాని గురించి చెబుతుంది. తర్వాత అదే సీసా అందరికీ వెళ్తుంది.

మూడు సీసాలు అలాగే సాగాయి. నాలుగోది ఆర్వీన్. బిరడా లాగి సీసా మూతి ముక్కు దగ్గర పెట్టుకోగానే మురియెల్‌కి తెలిసిపోయింది. బిరడాకి తెగులు పట్టింది. తడిసిన అట్టపెట్టె వాసన, గాలాడని నేలమాళిగ వాసన. అలాంటి సీసాని మారుమాట లేకుండా పారబోయాలి. ఇంకో సీసా చెయ్యి చాస్తే అందే దూరంలోనే ఉంది.

కానీ ఆమె చెయ్యి చాచలేదు. ఈవిడ ముఖం ఎలా పెడుతుందో చూద్దాం అనుకుంది. గ్లాసు దూరంగా తోసి, ఇది పాడైంది అమ్మాయ్, వాసన చూడకుండా పోస్తావా అంటుంది. అప్పుడు, అయ్యో, వాసన చూడ్డం నా పని కాదనుకున్నాను అత్తయ్యా, పోయడమే కదా నా పని అని అందరి ముందూ అనాలి. అంతే అనుకుంది. గ్లాసులో పోసి అందించింది.

ఫిలొమెన్ గ్లాసు తిప్పింది, ముక్కు దగ్గర పెట్టుకుంది, కళ్ళు మూసుకుంది. ఒక గుక్క తాగింది.

"ఇది పైగట్టు ఆర్వీన్. వాసన చూడండి, పంపరపనస తొక్క. ఆ వెనక, గోడ మీద పాకే ఊదాపూల తీగ పొద్దుటిపూట విచ్చినప్పటి వాసన. పదేళ్ళలో ఇంత శుభ్రమైన ఆర్వీన్ రాలేదు."

మురియెల్‌కి కావలసిన మాట అది కాదు. అప్పుడైనా ఆ సీసా పక్కన పెట్టెయ్యవచ్చు. పెట్టలేదు. అర్మాన్ మాస్టారి గ్లాసులో పోసింది, ఆయన పక్కనున్న, జ్యూరిక్ నుంచి వచ్చిన దంపతులకి పోసింది. మాస్టారు వాసన చూసి, గ్లాసు కిందకి దించి, ఫిలొమెన్ వైపు చూశారు. జ్యూరిక్ ఆయన మాత్రం మొహం చిట్లించి, ఊదాపూల సంగతేమో గాని తనకి తడిగుడ్డ కంపు కొడుతోందని పైకే అనేశాడు. గ్లాసు చేతులు మారింది. ఒకరి తర్వాత ఒకరు వాసన చూశారు. ఎక్కడో వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత వాకిలంతా నవ్వింది.

మురియెల్ కూడా నవ్వింది.

ఫిలొమెన్ ఆ గ్లాసుని మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంకోసారి. ఆమె ముఖంలో కోపం లేదు. నడిబజారులో కొంగు జారిన మనిషిలా చుట్టూ చూసింది. గ్లాసు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, తలుపు చట్రం పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం భోజనాల దగ్గర బాస్టియెన్ మొదలుపెట్టాడు. ఊరంతా అదే చెప్పుకుంటున్నారని, రెండు వీధుల అవతలి సెల్లారులో కూడా పంపరపనస అంటూ నవ్వుకుంటున్నారని అన్నాడు. తల్లి రై ధాన్యపు రొట్టె ముక్క తుంచుతూ వింటోంది. చివరికి అతను, "మిగతా రెండు రోజులూ నువ్వు బయటికి రాకమ్మా. వచ్చే ఏడు నుంచి పీపాలు చూడ్డానికి పట్నం నుంచి ఎవరినైనా పిలుస్తాను" అన్నాడు.

"నీ ఇష్టం" అంది ఫిలొమెన్.

అతను భార్య వైపు తిరిగాడు. "నువ్వైనా పోసేముందు చూసుకోవద్దా?"

"హడావిడిలో చూసుకోలేదు" అంది మురియెల్.

ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది. అత్తగారు ఒక్కసారి తల ఎత్తి ఆమెని చూసి, పళ్ళెం తీసుకుని లేచింది. పద్నాలుగేళ్ళుగా ఎదురుచూసిన గెలుపు అది. ఆమె తన పళ్ళెం పక్కకి నెట్టింది.

మర్నాడు ఆరింటికి మురియెల్ మెట్లు దిగుతుంటే మాడు వాసన కొట్టింది. ఒక్క పరుగున వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి మీద పాలు పొంగి, మాడి, గిన్నె అడుగు నల్లగా అయిపోయి ఉంది. గదంతా పొగ. ఆ పొయ్యికి రెండడుగుల దూరంలో, పొయ్యికి వీపు పెట్టి ఫిలొమెన్ కూర్చుని ఉంది. ఆమె ముందు బల్ల మీద చిన్న చిన్న సీసాలు వరసగా ఉన్నాయి. కాఫీ పొడి, దాల్చినచెక్క, లవంగాలు, ఎండు మరువం, వెనిగర్. కళ్ళు మూసుకుని ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని, ఊపిరి గట్టిగా పీల్చి, కింద పెడుతోంది. మళ్ళీ మొదటినుంచి.

మురియెల్ పొయ్యి ఆర్పి కిటికీ తెరిచింది. ఆ చప్పుడుకి ఫిలొమెన్ ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. పొగ చూసింది. నల్లబడ్డ గిన్నె చూసింది. దాచుకోవడానికి ఇక ఏమీ మిగల్లేదు.

"ఎప్పటి నుంచి, అత్తయ్యా?"

"జనవరిలో జ్వరం వచ్చింది చూడు, అప్పటినుంచి." ఆమె సీసాల మూతలు ఒక్కొక్కటే బిగించడం మొదలుపెట్టింది. సియోన్‌లో డాక్టరు దగ్గరికి ఒంటరిగా బస్సులో వెళ్ళొచ్చానని, పోయిన వాసన తిరిగి వస్తే రావచ్చు లేకపోతే లేదు, రోజూ ఇలా వాసనలు చూస్తూ ఉండమన్నాడని చెప్పింది. మార్చిలో పీపాల దగ్గర నాలుకతోనూ జ్ఞాపకంతోనూ నెట్టుకొచ్చిందట. నిన్న చెప్పిన పంపరపనస, ఊదాపూలు అన్నీ పాత ఏళ్ళవేనట. "మా ఆయన చొక్కా ఒకటి బీరువాలో దాచుకున్నాను. ఇప్పుడది ఉత్త గుడ్డ."

మురియెల్‌కి నిన్నటి గ్లాసు గుర్తొచ్చింది. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. చెప్పకుండా ఉండిపోవచ్చు. హడావిడిలో చూసుకోలేదన్న మాట ఇంట్లో అందరూ నమ్మేశారు. ఆ నమ్మడమే ఆమెని దహించింది.

"ఆ సీసా పాడైందని నాకు ముందే తెలుసు" అంది. "వాసన చూశాను. తెలిసే మీ గ్లాసులో పోశాను."

ఫిలొమెన్ చేతిలో మూత అలాగే ఆగిపోయింది. 

"అందరూ నవ్వినప్పుడు నువ్వూ నవ్వావా?"

"నవ్వాను."

ముసలావిడ తల ఊపింది. కోపపడితే బాగుండునని మురియెల్ అనుకుంది. రెండు చెంపదెబ్బలు కొట్టినా బాగుండును. ఆమె మాత్రం బల్ల మీద రాలిన దాల్చినచెక్క పొడిని వేలితో పక్కకి తోస్తూ కూర్చుంది.

"నీ మొదటి విందు రోజున నేనూ నవ్వాను" అంది చివరికి. "ఆ వేళ నువ్వు తలొంచుకుని తిన్నావు. చూశాను. చూసి కూడా నా నోరు ఊరుకోలేదు. నిన్న నాకు అర్థమైంది, అది ఎక్కడ తగులుతుందో." చివరి మూత బిగించి, "ఒక్కటి మాత్రం చెయ్యి. ముసలిదానికి మతిపోయిందని అనుకోనీ. ముక్కు పోయిందని మాత్రం ఎవరికీ చెప్పకు. బాస్టియెన్‌కి కూడా. ఈ ఇంట్లో నాకున్నది ఆ పేరొక్కటే" అంది.

మురియెల్ మాట ఇచ్చింది. ఆ మాట ఇస్తున్నప్పుడు అత్తగారి చేతులు పట్టుకోబోయి, ముఖం చెల్లక, గిన్నె తోమడానికి లేచింది.

ఆ మధ్యాహ్నం కూడా వాకిలి నిండింది. నిన్నటి నవ్వు గురించి విని చూడ్డానికి వచ్చినవాళ్ళూ ఉన్నారు. అర్మాన్ మాస్టారు అదే కుర్చీలో ఉన్నారు. బాస్టియెన్ తల్లి స్థానంలో నిలబడి, ఈ రోజు తానే చెబుతానని తడబడుతూ మొదలుపెట్టాడు. మురియెల్ సీసా బల్ల మీద పెట్టి అతని పక్కకి వచ్చింది.

"ముందు నేనొక మాట చెప్పాలి" అంది.  "నిన్న పాడైన సీసా వచ్చింది. అది పాడైందని తెరిచినప్పుడే నాకు తెలుసు. మా అత్తగారిని మీ ముందు చిన్నబుచ్చాలని తెలిసే పోశాను. తప్పు నాది."

బాస్టియెన్ ముఖంలో నెత్తుటిచుక్క లేదు.  మురియెల్ అత్తగారికిచ్చిన మాట గుర్తుకొచ్చి, నేల చూస్తూ ఇంకో మాట కలిపింది. "ఆవిడకి వాసన తెలిసింది. మీ అందరి ముందూ నా పరువు పోకూడదని, బాగుందని చెప్పింది."

"అలా ఏం లేదు."

అందరూ తిరిగి చూశారు. ఫిలొమెన్ గుమ్మంలో నిలబడి ఉంది. ఇంట్లో కట్టుకునే ఏప్రనుతోనే వచ్చేసింది.

"నాకేం వాసనా తెలియలేదు" అంది, ఒక్కొక్క మాటే నేల మీద పెడుతున్నట్టు. "జనవరి నుంచి నాకు వాసన లేదు. అయినా వచ్చి మీకు కథలు చెప్పాను, ఒప్పుకోవడానికి సిగ్గేసి. ఈ పిల్ల తన తప్పు చెప్పింది. నాది నేను చెప్పకపోతే, ఆ తర్వాత దాని ముఖం ఎలా చూడను?"

బాస్టియెన్ తల్లి దగ్గరికి వెళ్ళాడు. నిన్న తానన్న మాటలన్నీ ఒక్కొక్కటీ అతని ముఖంలో కనబడ్డాయి. ఆమె భుజం పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. అర్మాన్ మాస్టారు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. జ్యూరిక్ ఆయన తన బూట్లు చూసుకుంటున్నాడు.

"అందరూ ఇలా సంతాపానికి వచ్చినట్టు కూర్చుంటే ఎలా" అంది ఫిలొమెన్. "నాలుక ఇంకా ఉంది. మురియెల్, ఆర్వీన్ తెరువు."

మురియెల్ బిరడా లాగింది. వాసన చూసింది. బాగుంది. గ్లాసులో పోసి అందించింది. ఫిలొమెన్ ఒక గుక్క తాగి, నోట్లో అటూ ఇటూ తిప్పి మింగింది. "పులుపు సరిగ్గా ఉంది. చివర్లో ఉప్పు. సముద్రం లేని దేశంలో ఈ ఉప్పు ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు." గ్లాసు కోడలికి తిరిగి ఇచ్చింది. "మిగతాది నువ్వు చెప్పు."

మురియెల్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఎదురుగా నలభై మంది ఉన్నారు. వాళ్ళ ముఖాలు చూసే ధైర్యం ఆమెకి లేదు. నిన్న నవ్విన నోటితో ఈ రోజు ఏం చెప్పాలో తెలియలేదు. కళ్ళు మూసుకుంది.

"పంపరపనస లేదు" అంది మెల్లిగా. "నిమ్మచెట్టు ఆకు నలిపితే వస్తుందే, అది. తర్వాత తడిరాయి. ఎండలో కాలిన రాతిగోడ మీద వాన మొదటి చినుకులు పడ్డప్పుడు..."

ఆమె ఆగి, తప్పు చెప్పానేమో అన్నట్టు కళ్ళు తెరిచింది. ఫిలొమెన్ నవ్వడం లేదు. కళ్ళు మూసుకుని, తల కొంచెం పక్కకి వాల్చి, ఏదో దూరపు మాట వింటున్నట్టు కూర్చుంది. కళ్ళ కొసలనుంచి నీళ్ళు చెంపల మీదికి దిగుతున్నాయి. తుడుచుకోలేదు.

"ఆ గోడ నాకు తెలుసు" అంది. "ఆపకు తల్లీ. ఇంకా చెప్పు."