బావ దగ్గరలోనే ఉన్నాడు

చనిపోయి పదమూడు నెలలైన మనిషి ఫోను ఆ మధ్యాహ్నం మూడూ పదికి, నది నడిమధ్యలో, మేలుకుంది.

దాని సంగతికి వచ్చేముందు పొద్దున్న జరిగిన బ్రీఫింగ్ గురించి చెప్పాలి. డిపార్ట్‌మెంట్ ఆఫీసు ఒక పాత భవనం మూడో అంతస్తులో ఉంది. గుమ్మం మీద ‘లిఫ్టుల రిపేరు’ అని బోర్డు. ఆ భవనంలో లిఫ్టు ఏనాడూ పనిచేసిన పాపాన పోలేదు. అందుకే తమ మీద ఎవరికీ అనుమానం రాదనీ, ఎవరూ రిపేరు పని కూడా ఇవ్వరనీ చీఫ్ గర్వంగా చెప్పుకుంటాడు. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. ఆయన ఎదుట, మెట్లెక్కిన ఆయాసంతో నిలబడ్డ పొట్టి మనిషి పేరు మిరియం. ఆ పేరు పెట్టింది అతని బావ.

“ముప్పై ఒక్క మంది,” అన్నాడు పెద్దాయన. “నర్సులు, డ్రైవర్లు, ఒక పియానో టీచరు. సరిహద్దు అవతల మనకు కళ్లూ చెవులూ వాళ్లే. ఆర్కిడ్ ముఠా చేతికి ఆ లిస్టు చిక్కిందా, వారంలో ముప్పై ఒక్క శవాలు లేస్తాయి. ఇప్పుడే నీ ఫోన్లోకి ఎక్కించాను. ఫెర్రీలో నది దాటి, అవతలి ఒడ్డున మన మందుల షాపువాడి ఫోనుకు అందించాలి. దారిలో బయటి ఏజెంటు నెమలి నిన్ను కలుస్తుంది, ఆవిడకు మన ఫోను ఉండదు. టికెట్ కలెక్టర్ మనవాడే.”

“సరే సార్.”

“మీ బావ పేరు నీ ఫోన్లోంచి తీసేశావుగా?”

“ఎప్పుడో తీసేశాను సార్.”

అది పచ్చి అబద్ధం.

ఒకప్పుడు డిపార్ట్‌మెంట్ ఫైళ్లన్నీ సర్వర్లో ఉండేవి. ఎవరు ఎవరికి ఏం పంపినా ముందు నేలమాళిగలోని ఆ యంత్రానికి చేరి, అక్కడినుంచి అవతలివాడికి వెళ్లేది. దాన్ని చూసుకోవాల్సినవాడే అమ్ముడుపోయాడు. కంచే చేను మేసింది. నలుగురు ఏజెంట్లు ఒకే రోజు పోయారు. ఆ తర్వాత ‘గొలుసు’ అనే ప్రోగ్రామ్ వచ్చింది. అందులో మధ్యవర్తి లేడు. తమవాళ్ల ఫోన్లు రెండు యాభై గజాల దగ్గరికి వస్తే చాలు, ఒకదాన్నొకటి గుర్తుపట్టి, ఒకదానిలో లేనిది ఇంకోదానిలోంచి నేరుగా తీసుకుంటాయి. టవర్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. ఎంత దగ్గరైతే అంత వేగం.

అయితే ఒక చిక్కుంది. సర్వర్ రోజుల్లో ఏజెంటు చనిపోతే గుమాస్తా ఒకడు ఒక్క మీట నొక్కేవాడు, పేరు ఎగిరిపోయేది. గొలుసుకు కేంద్రం లేదు. మిగిలినవాళ్లంతా ఎవరి ఫోన్లో వాళ్లు, తమ చేత్తోనే ఆ పేరు తీసెయ్యాలి. అందరూ తీసేశారు. మిరియం తియ్యలేకపోయాడు. తీస్తే బావ పంపిన ఎనభై నాలుగు వాయిస్ నోట్లూ పోతాయి. బావ లావుపాటి వేళ్లతో టైపు చెయ్యలేక అన్నీ నోటితోనే చెప్పేవాడు. “ఒరేయ్ మిరియం, గొడుగు మర్చిపోకు.” “ఒరేయ్ మిరియం, మీ అక్క కోపంగా ఉంది, నువ్వే ముందు ఇంట్లోకి వెళ్లు.” ప్రతి ఆదివారం అక్క వచ్చి ఆ గొంతు వింటుంది. గొలుసులోంచి ఏదీ కాపీ కాదు. ఇంకో రికార్డర్ పెట్టి ఎక్కిద్దామని, ఇవాళ రేపు అంటూ పదమూడు నెలలు గడిపాడు మిరియం.

బావ కారు వంతెన మీంచి పడిందన్నారు. శవపెట్టె మూసి ఇచ్చి, తెరవొద్దన్నారు.

రెండున్నరకి మిరియం పెట్టుడు మీసంతో, కళ్లజోళ్ల సేల్స్‌మన్ వేషంలో, బరువైన శాంపిల్ పెట్టె భుజాన తగిలించుకుని ఫెర్రీ ఎక్కాడు. నది మీద పొగమంచు సున్నంలా పరుచుకుంది. మూడింటికి ఫెర్రీ రేవు వదిలింది. అయిదు నిమిషాలకు తెల్ల కోటు వేసుకున్న ఒకావిడ పక్కన వచ్చి నిలబడింది. ఆవిడ అటు తిరిగితే డెక్ మీది మగవాళ్ల మెడలన్నీ అటే తిరిగాయి.

“నీలం అద్దాలున్నాయా?” అంది.

“నీలం అయిపోయాయి మేడమ్. బూడిద రంగువే మిగిలాయి.”

కోడ్ కలిసింది. నెమలి నవ్వింది. “మీ బావగారితో చివరి మిషన్లో నేనే ఉన్నాను. మంచి మనిషి. చలేస్తోంది, నేను పైన కూర్చుంటాను.”

ఆవిడ మెట్లెక్కి వెళ్లింది. ఫోన్లో టవర్ సిగ్నల్ పూర్తిగా పోయింది. సరిగ్గా అప్పుడే జేబులో ఫోను వణికింది. తీసి చూశాడు. గొలుసులో పదమూడు నెలలుగా బూడిద రంగులో ఉన్న చుక్క పచ్చగా వెలుగుతోంది.

‘బావ. దగ్గరలోనే ఉన్నాడు.’

ఆ శవపెట్టె తెరవనివ్వలేదు కదా. ఎవరు చూశారు? ఏదో రహస్య మిషన్ కోసం బావ చచ్చినట్టు నటించి ఉండొచ్చు. డిపార్ట్‌మెంట్ అలాంటివి చేసిందే! చుక్క పక్కన గీతలున్నాయి, దూరమైతే ఒకటి, దగ్గరైతే నాలుగు. ఇప్పుడు ఒక్కటే ఉంది.

కిందికి, కార్లు నిలిపిన డెక్‌కు దిగాడు. ఆ గీతా పోయింది. గబగబా పైకొచ్చాడు. మళ్లీ ఒకటి. బెంచీల వరసల మధ్య నడిచాడు. పసిపాపను ఊపుతున్న తల్లి, నారింజ ఒలుస్తున్న ముసలాయన, పేపరు మొహాన కప్పుకుని నిద్రపోతున్న మనిషి. రెండు గీతలు. రెయిలింగ్ దగ్గర ఒక వీపు కనిపించింది. అవే భుజాలు. అదే వంగినట్టుండే మెడ. “బావా!” అని పిలిచేశాడు. ఆ మనిషి తిరిగాడు. ఎవరో పరాయివాడు. జాలిగా చూసి పక్కకు జరిగాడు.

ఫోన్లో అక్షరాలు మెరిశాయి. ‘మిరియం, పైకి రా.’

ఏడుపొచ్చింది అతనికి. రెండేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కాడు. మూడు గీతలు. సన్నటి నడవ, చివర అద్దాల తలుపు, అవతల మంచులో ఏదో తెల్లటి ఆకారం. అక్కకు ఏమని చెప్పాలి, ముందు ఫోన్ చెయ్యాలా, నేరుగా ఇంటికే తీసుకెళ్లాలా అనుకుంటున్నాడు. నాలుగు గీతలు. తలుపు మీద చెయ్యి వేస్తూ ఆ మెసేజ్ ఇంకోసారి చూసుకున్నాడు.

బావ టైపు చెయ్యడు కదా.

అప్పుడు కనిపించింది కింద సన్నటి అక్షరాల్లో ఇంకో వరస. ‘బావకు లిస్టు వెళ్తోంది: 71 శాతం.’ 72. 74. బావ కోసం వేసిన ప్రతి అడుగూ ఆ లిస్టును తోసింది. ముప్పై ఒక్క మందిని తన కాళ్లతోనే నడిపించుకొచ్చి ముఠాకు అప్పజెబుతున్నాడు.

తలుపు అటువైపునుంచి తెరుచుకుంది. నెమలి ఒక చేతిలో బావ ఫోను, రెండో చేతిలో చిన్న పిస్టల్ ఉన్నాయి.

“పోయిన నెల మీ ఆఫీసు మెట్ల మీద ఒక్క నిమిషం దీన్ని ఆన్ చేసి చూశాను,” అంది. “అందరి ఫోన్లూ మొహం తిప్పుకున్నాయి. మీదొక్కటే పలకరించింది. ఎంత అభిమానమండీ!”

“ఆయన పిన్ చెప్పి ఉండడు.”

“చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆయన వేలు సరిపోయింది.”

ఒకే వాక్యంలో బావ రెండోసారి చచ్చిపోయాడు.

“86,” అంది నెమలి తీరిగ్గా. “కావాలంటే స్విచాఫ్ చేసుకోండి. వచ్చింది నా దగ్గరే ఉంటుంది. మిగతాది ఇంకోరోజు మీ ఇంటి వీధిలో నిలబడి తీసుకుంటాను. సర్వర్ అయితే ఎవడో ఒకడు పైనుంచి ఆపేవాడు. మధ్యలో ఎవరూ లేకపోవడం ఎంత హాయో చూడండి.”

ఆవిడ చెప్పింది నిజమే. ఆపితే చాలదు. పేరే తీసెయ్యాలి, అదీ రెండు ఫోన్లూ కలిసి ఉన్నప్పుడే. అప్పుడైతే ఒకరిది ఇంకొకరి దగ్గర మిగలదు. మిరియం ఫోను గుండెల దగ్గర పట్టుకుని, చూపు ఆవిడ మీదే ఉంచి, బొటనవేలితో తడిమాడు. తెర అడిగింది. ‘బావను తొలగించాలా? ఇద్దరి మధ్య జరిగినదంతా రెండుచోట్లా పోతుంది. ఒప్పుకుంటే మూడు సెకన్లు నొక్కి పట్టండి.’

ఎనభై నాలుగు వాయిస్ నోట్లు. అక్క ఆదివారాలు. 96.

నొక్కాడు. 97. అతని జీవితంలో అంత పొడుగైన మూడు సెకన్లు లేవు. 98. “నన్ను క్షమించు బావా,” అన్నాడు పైకే. 99.

పచ్చ చుక్క ఆరిపోయింది.

నెమలి చేతిలోని తెర ఖాళీ అయింది. ఆవిడ దాన్ని చూసి, అతన్ని చూసి, పిస్టల్ ఎత్తింది. అదే క్షణంలో ఫెర్రీ అవతలి రేవును ఢీకొని ఒక్క ఊపు ఊగింది. గుండు వెళ్లి పైకప్పులో దిగింది. మిరియం భుజం మీంచి నలభై జతల కళ్లజోళ్లున్న శాంపిల్ పెట్టె వెళ్లి నెమలి మణికట్టుకు తగిలింది. చప్పుడు విని పరిగెత్తుకొచ్చిన టికెట్ కలెక్టర్ ఆవిడ చేతులకు సంకెళ్లు వేశాడు. ఆరు నిమిషాల తర్వాత లిస్టు మందుల షాపువాడి ఫోనుకు చేరింది.

మర్నాడు పెద్దాయన నిప్పులు కక్కాడు. “తీసేశానని నా మొహాన అబద్ధం చెప్తావా? ముప్పై ఒక్క ప్రాణాలయ్యా!” మిరియం తలొంచుకుని పడ్డాడు. తిట్టి తిట్టి అలిసిపోయాక పెద్దాయన కిటికీవైపు తిరిగి, “ఆ పేరు తియ్యడానికి నాకూ మూడు రోజులు చెయ్యి రాలేదులే,” అన్నాడు.

ఆదివారం అక్క వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుని, ఫోను కోసం చెయ్యి చాపింది. ఆర్కిడ్ పిస్టల్ ముందు వణకని మిరియం గొంతు అక్క ముందు వణికింది.

“అవి లేవక్కా. అన్నీ పోయాయి. నేనే నా చేత్తో తీసేశాను.”

అక్క చాపిన చెయ్యి మెల్లగా ఒళ్లో పెట్టుకుంది. కళ్లు తుడుచుకుంది.

“పోనీలేరా.”

“నీకోసమే దాచాను అక్కా.”

“నాకోసమా?” అక్క తలెత్తింది. “ఆయన పోయాక నెల్లాళ్లు నువ్వు తిండి ముట్టలేదు. ఆ గొంతు విన్న పూట మాత్రం రెండు ముద్దలు తినేవాడివి. అది చూసి, నాకు వినాలనుందని వంక పెట్టుకుని, రెండు బస్సులు మారి వస్తున్నాను. నాకైతే అది విన్న ప్రతిసారీ ఇంటికి చేరేదాకా కాళ్లు వణికేవిరా.”

“అయితే ఇంక రావా?” అన్నాడు మిరియం, చిన్నపిల్లాడిలా.

“ఎందుకు రాను? నీ వంట నువ్వు తినగలవా?” అంటూ అక్క వంటింట్లోకి వెళ్లింది.

మారువేషం లేదు, కోడ్ వర్డ్ లేదు. పదమూడు నెలలు ఎదుటి కుర్చీలో కూర్చుని మరీ అతని కళ్లుగప్పింది. తమ ఇద్దరిలో డిపార్ట్‌మెంట్ పొరపాటున తప్పు మనిషికి ఉద్యోగం ఇచ్చిందని మిరియానికి ఆ పూట గట్టి అనుమానం వచ్చింది.