కవల ముద్రలు

లండన్ క్లార్కెన్‌వెల్‌లో వెండి పోతపోసే ముసలి స్క్రివెన్‌ని అతని కొలిమి ముందే చంపేశారు. మెడ మీద చిన్న సూది గాటు, అంతే. పోలీసులు గుండెపోటని తేల్చేసి వెళ్ళిపోయారు. సీక్రెట్ ఏజెంట్ హెడ్లీ పాస్కో మాత్రం వెళ్ళలేదు. బల్ల కింద పడివున్న ఇసుక అచ్చు ముక్కని అరచేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

పాస్కో వాళ్ళమ్మ పాత వెండి అమ్మేది. అక్షరాలకంటే ముందు వెండి మీది ముద్రలు చదవడం నేర్చుకున్నాడు.

"ఏం దొరికింది?" గంట తర్వాత కల్నల్ ఓగిల్వీ అడిగాడు. సర్వీసులో పాస్కో పై అధికారి ఆయనే. పైపు వెలిగించకుండానే నములుతున్నాడు.

"కాడ ఉన్న వెండి గ్లాసు అడుగుభాగం అచ్చు, సార్. నడిచే సింహం, కిరీటం పెట్టుకున్న చిరుత తల, రాజుగారి తల, ఏడాది అక్షరం, చేసినవాడి పొడి అక్షరాలు, ముద్రలన్నీ ఉన్నాయి. నూటయాభై ఏళ్ళనాటి సరుక్కి స్క్రివెన్ నకలు పోశాడు."

"అసలుది ఎక్కడుంది?"

"ఆ పొడి అక్షరాలతో నాకు తెలిసింది ఒక్కటే సెట్టు. పన్నెండు గ్లాసులు. గాస్కిన్ హాల్లో."

ఓగిల్వీ పైపు బల్ల మీద పెట్టేశాడు. "రేపు మధ్యాహ్నం మన ప్రొఫెసర్‌కి విందు అక్కడే. ఆయన గ్లాసు మార్చేసి విషం పెడతారన్నమాట."

ప్రొఫెసర్ బకోష్ బుడాపెస్ట్ నుంచి పారిపోయి వచ్చి నెల కూడా కాలేదు. ఆయన్ని సరిహద్దు దాటించడంలో ఇద్దరు మనవాళ్ళు పోయారు. లండన్‌లో ఎవరికీ తెలియని శత్రువుల మనిషి ఒకరున్నారనీ, పేరు తనకి తెలుసనీ ఆయన చెప్పాడు. కానీ ముందు తనని పెద్దమనుషుల మధ్య కూర్చోబెట్టాలి, పేపర్లో ఫొటో పడాలి, ఆ తర్వాతే పేరు. ముసలాయన మొండిఘటం.

"రద్దు చేసేద్దాం సార్."

"చేస్తే మనకి తెలిసిపోయిందని వాళ్ళకి తెలిసిపోతుంది. ఎవరు చెప్పారా అని వెతుకుతారు. వెతికితే ఇర్మా మీద పడతారు."

పాస్కో అచ్చు ముక్కని జేబులో వేసుకున్నాడు. ఇర్మా తోర్నై పేరొస్తే అతను వాదన ఆపేస్తాడు. ఇర్మా శత్రువుల జీతం తింటూ మనకి పనిచేస్తోంది. లండన్ పార్టీల్లో ఆమె నవ్వు కోసం మంత్రులు క్యూ కట్టేవారు.

మర్నాడు ఊరంతా పసుప్పచ్చటి పొగమంచు. పట్టపగలే గాస్కిన్ హాల్లో కొవ్వొత్తులు వెలిగించారు. పాస్కో తెల్లవిగ్గు పెట్టుకుని, చెవిటి మిషను రూపంలో ఉన్న రేడియో తగిలించుకుని, గ్లాసులు తుడిచే ముసలి నౌకరైపోయాడు. స్టోర్‌రూమ్ బయట ఇర్మా ఎదురైంది. దంతం రంగు గౌను, మెడలో ముత్యాలు.

"విగ్గు బావుంది హెడ్లీ. అరవయ్యో ఏట ఇలాగే ఉంటావు. అప్పటిదాకా ఉంటే."

"ఏ గ్లాసులో?"

"నాకు చెప్పరు. ప్రొఫెసర్ పక్కన కూర్చుని నవ్వమన్నారు. వచ్చాను." గొంతు తగ్గించింది. "తెలిసినా చెప్పేదాన్నో కాదో. మా చెల్లెలు ఇంకా బుడాపెస్ట్‌లోనే ఉంది."

లోపల పాస్కో ఒక్కో గ్లాసునీ బోర్లించి, ఉంగరంలో దాచిన భూతద్దంతో చూశాడు. చేత్తో కొట్టిన ముద్రలు ఒక తల్లి పిల్లల్లా ఉంటాయి. పోలిక ఉంటుంది గానీ ఒకదాని స్థానం ఇంకోదానికి రాదు. ఒక దాంట్లో సింహం కాస్త ముందుకి జరుగుతుంది, ఇంకోదాంట్లో అక్షరం పక్కకి ఒరుగుతుంది. కానీ రెండు గ్లాసుల్లో మాత్రం సింహం ఒకేలా ఎడమకి వాలివుంది. చిరుత చెవి ఒకేలా అంచుని తాకుతోంది. అచ్చమైన కవలలు! ఒకటి తల్లి, రెండోది దాని అచ్చులోంచి పుట్టిన విషపు బిడ్డ. దాని గోడ రెండు పొరలై ఉండాలి, మధ్యలో విషం. వైన్ తగిలితే లోపలి పొర కరుగుతుంది.

ఏది ఏదో తేల్చుకునేలోపే బట్లర్ ట్రే లాగేసుకున్నాడు.

"ఏం తాతా, వాటికి ముద్దులు పెడుతున్నావా? అవతల దొరలు కూర్చున్నారు!"

పాస్కో రెండు కాడల మీదా చిటికెడు మైనం మాత్రం అంటించగలిగాడు.

వైన్ జగ్గు పట్టుకుని హాల్లోకి నడిచాడు. మైనం ఉన్న ఒక గ్లాసు ప్రొఫెసర్ ముందు. రెండోది ఆయన పక్కనే, ఇర్మా ముందు. ఎదురుగా వైన్ వ్యాపారి వేషంలో ఉన్న శత్రు ముఠా నాయకుడు లోరాంట్ నాప్కిన్ మడతపెడుతున్నాడు.

ఒకటి ఒలికితే పొరపాటు. రెండు ఒలికితే కుట్ర. పాస్కో ప్రొఫెసర్ గ్లాసు ఎత్తాడు. వైన్ పోస్తూ అడుగున బొటనవేలు ఆనించాడు. ముద్ర కొట్టినప్పుడు వెండి అంచు పైకి లేస్తుంది. ఎన్నేళ్ళు తుడిచినా గీరుకుంటుంది. పోతపోసిన దాంట్లో ఆ పదును ఉండదు, అరిగిన సబ్బుబిళ్ళలా జారుతుంది.

వేలికి గీరుకుంది.

అసలుది! అయితే నకలు ఇర్మా ముందుంది, ఇంకో నౌకరు దాన్ని అప్పటికే నింపేశాడు. వాళ్ళు వచ్చింది ప్రొఫెసర్ కోసం కాదు.

"రాణిగారి ఆరోగ్యం కోసం!" అందరూ గ్లాసులెత్తి లేచారు. ఇర్మా గ్లాసు పెదాల దగ్గరికి వెళ్ళింది.

పాస్కో తూలి ఆమె మీద పడ్డాడు. గ్లాసు ఎగిరి నేలమీద పడింది. దంతం రంగు గౌనంతా ఎర్రటి మరక.

"కళ్ళు కనబడవా ముసలోడా!" ఎవరో అరిచారు.

ఇర్మా అరవలేదు. పాస్కోని చూసింది. దొర్లిపోతున్న గ్లాసుని చూసింది. తర్వాత లోరాంట్‌ని చూసింది.

లోరాంట్ లేచి కోటు అందించాడు. "పాపం, గౌను పాడైంది. కారుంది, ఇంటి దగ్గర దింపుతాను."

మరక తుడిచే నెపంతో పాస్కో వంగాడు. "వెనక తలుపు దగ్గర మన కారుంది. పద, ఇర్మా."

"మా చెల్లెలికి వెనక తలుపు లేదు హెడ్లీ." అతని చేతిలోంచి గుడ్డ మెల్లగా తీసి బల్ల మీద పెట్టింది. "తలుపు మూసేయ్. చలిగాలి."

లోరాంట్ చెయ్యి పట్టుకుని పొగమంచులోకి వెళ్ళిపోయింది. చెవిలో ఓగిల్వీ గొంతు గరగరలాడింది: "కదలకు పాస్కో. ప్రొఫెసర్ ముఖ్యం." పాస్కో కదల్లేదు.

రెండ్రోజులకి హార్విచ్ రేవు దగ్గర ఖాళీ కారు దొరికింది. ఇర్మా దొరకలేదు. మళ్ళీ ఎప్పుడూ దొరకలేదు.

కారు దొరికిన సాయంత్రమే పాస్కో ఓగిల్వీ గదికి వెళ్ళాడు. "ప్రొఫెసర్ పేరు చెప్పాడా సార్?"

"చెప్పాడు." కల్నల్ కిటికీ వైపు తిరిగాడు. "ఇర్మా తోర్నై. లండన్‌లో శత్రువుల మనిషట. అంతకుమించి ఆయనకి ఏమీ తెలీదు. అందుకే ఆయన్ని చంపే శ్రమ కూడా వాళ్ళు పడలేదు."

పాస్కో కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. "మీరేమన్నారు?"

"థాంక్స్ చెప్పాను. ఇంకెవరి పేరైనా గుర్తొస్తే, దయచేసి మర్చిపొమ్మన్నాను."