పసుపు రెయిన్‌కోటులో పద్నాలుగో మనిషి

ఆ ఇంజనీరు మొహం చూడకూడదని ఆమె ఆ రోజు పొద్దున్నే గట్టిగా అనుకుంది. ఆ పంతమే కొంప ముంచింది.

పంతానికి కారణం లేకపోలేదు. నది ఒడ్డునున్న ఆ పాత కోట గట్టిగా ఉందో లేదో చూడమని, అక్కడి గైడు పనితీరు కూడా రాయమని పురావస్తు శాఖ అతన్ని పంపింది. నాలుగు రోజులుగా టేపూ, చిన్న సుత్తీ పట్టుకుని, డాక్టరు రోగి వీపు తట్టినట్టు గోడలన్నీ తట్టి చూస్తున్నాడు. అంతవరకూ బాగానే ఉంది. నిన్న మాత్రం బురుజు మెట్లకి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టేశాడు. గైడుగా ఆరేళ్ల నుంచి ఆమె జనాన్ని ఎక్కిస్తున్న మెట్లవి.

"మూడో మెట్టు కదులుతోందండీ," అన్నాడు.

"మా తాతగారి రోజుల నుంచీ కదులుతూనే ఉంది. ఇంతవరకూ ఎవరూ పడలేదు."

"ఎవరో ఒకరు పడ్డాక కట్టమంటారా?"

ఆమెకి ఒళ్లు మండింది. పైగా అతను నవ్వాడు. ఆ నవ్వు బాగుండటం మరీ అన్యాయం.

"మీ రిపోర్టులో ఏం రాసుకుంటారో రాసుకోండి. నాతో మాత్రం మాట్లాడకండి," అనేసి వచ్చేసింది. అనడం సులువే. ఆమె గైడు లైసెన్సు ఉండాలా పోవాలా అన్నది తేలేది ఆ రిపోర్టులోనే. అది పోతే, పుట్టి పెరిగిన కోటలో కాలు పెట్టాలన్నా ఆమె టిక్కెట్టు కొనుక్కోవాల్సిందే.

ఇవాళ గుంపులో పద్నాలుగు మంది. ఒకటే వాన. టిక్కెట్ల కిటికీలో కూర్చునే నాన్న అందరికీ పసుపు రెయిన్‌కోట్లు ఇచ్చాడు. మోకాళ్లు అరిగిపోయి కిటికీకి అతుక్కుపోక ముందు ఆయనా గైడే. మనుషుల్ని లెక్కపెట్టడం కూతురికి నేర్పింది ఆయనే. "మొహాలు చూస్తూ లెక్కపెడితే కబుర్లలో పడిపోతావు తల్లీ. భుజం తట్టు, అంకె పైకి చెప్పు," అనేవాడు. ఆరేళ్లలో ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదు.

కోట చూడటం అయింది. నది పక్క కాలిబాటన దిగి రాళ్ల దాటు దగ్గరికొచ్చారు. నదికి అడ్డంగా పరిచిన పెద్ద బండల వరస అది. దాటితే అవతల ఒడ్డున బస్సు. ఎగువన డ్యాము ఉంది. సైరను మోగిందంటే గేట్లు ఎత్తినట్టే, ఇరవై నిమిషాల్లో బండలు మునిగిపోతాయి.

వాన మొహాన కొడుతోంది. ఇంజనీరు కూడా ఆ చుట్టుపక్కలే ఎక్కడో తిరుగుతున్నాడని ఆమెకి తెలుసు. ఎక్కడ కంటపడతాడోనని తల వంచుకుని, పసుపు భుజాలనే చూస్తూ తట్టుకుంటూ పోయింది.

"పన్నెండు. పదమూడు. పద్నాలుగు. పదండి."

అందరూ దాటారు. బస్సెక్కారు. తలుపు వేయబోతుంటే ఒకావిడ లోపల్నుంచి తల బయటపెట్టింది.

"గైడు గారూ, మా అత్తయ్యగారు మీతో లేరా? మీతోపాటు ముందు నడుస్తున్నారనుకున్నాను."

ఆమె బస్సెక్కి గబగబా సీట్లు లెక్కపెట్టింది. పదముగ్గురు. మళ్లీ లెక్కపెట్టింది. అంతే. అప్పుడే ఎగువన సైరను మోగింది.

బస్సు పక్కన రేకుల షెడ్డు కింద పసుపు రెయిన్‌కోటులో మరో మనిషి నిలబడి ఉన్నాడు. సైరను విని తలమీది ముసుగు వెనక్కి తీశాడు. ఇంజనీరు.

"ఆ కోటు మీకెవరిచ్చారు?"

"మీ నాన్నగారు. గొడుగు తేలేదని."

"నేను భుజం తట్టాను. పద్నాలుగని పైకే అన్నాను. 'మీ గుంపులో మనిషిని కాను' అని ఒక్క ముక్క చెప్పడానికి నోరు పెగల్లేదా?"

అతని మొహం పాలిపోయింది. "పెగల్లేదు."

"ఎందుకని?"

"తర్వాత ఎన్ని తిట్లయినా తిట్టండి. ముందు ఆవిడెక్కడున్నారో చూద్దాం."

ఫోన్లు ఆ లోయలో పనిచెయ్యవు. ఎవర్నీ కిందికి దిగనివ్వొద్దని డ్రైవరుకి చెప్పి ఆమె బండల మీదికి పరుగెత్తింది. వెనకే అడుగుల చప్పుడు.

"మీరు రావద్దు."

"ఆవిడ నడవలేకపోతే ఒక్కరే మోస్తారా?"

"మోస్తాను."

"మోద్దురుగాని. రెండో వైపు నేను పట్టుకుంటాను."

నీళ్లు అప్పటికే బండల అంచులు తాకుతున్నాయి. సగం దాటాక ఆమె కాలు జారింది. అతను ఠక్కున మణికట్టు పట్టుకున్నాడు. అవతలి ఒడ్డు చేరేదాకా వదల్లేదు. వదలమని ఆమె కూడా అనలేదు.

"ఆవిడకేమైనా అయితే," అంది, పరుగు ఆపకుండానే.

కాలిబాట మలుపులో, పాతకాలంలో పడవలు కట్టేసే రాతి మంటపం ఉంది. బాట కంటే బాగా పల్లంలో ఉంటుంది. ఆ పెద్దావిడ అందులోనే ఉంది. చుట్టూ మోకాలి లోతు నీళ్లు. రెండు చేతులా స్తంభాన్ని కరుచుకుని నిలబడింది.

"బూటులో రాయి పడిందమ్మా. తీసుకుని తలెత్తేసరికి ఒక్కరూ లేరు," అంది వణుకుతూ.

"స్తంభం వదిలి నా చెయ్యి పట్టుకోండి."

"వదిలితే కొట్టుకుపోతాను."

"మిమ్మల్ని వదిలేసి వెళ్లిన తప్పు నాదే. మళ్లీ చెయ్యను. నన్ను నమ్మండి."

పెద్దావిడ ఆమె కళ్లలోకి చూసి మెల్లిగా ఒక చెయ్యి వదిలింది. రెండోది ఇంజనీరు అందుకున్నాడు. ముగ్గురూ కదిలారు. పది అడుగులే, కానీ నీళ్లు నడుం దాకా వచ్చాయి.

"కుడి పక్కకి రండి," అన్నాడతను.

"కుడి పక్క గుంట ఉంది. ఇక్కడ పుట్టింది నేనా, మీరా?"

"మీరే. సరే, ఎడమ పక్కకి."

బాట మీదికి ఎక్కి వెనక్కి తిరిగేసరికి మంటపం స్తంభాలు సగానికి మునిగిపోయాయి. ఆమె అక్కడే బురదలో కూలబడి ఏడ్చింది.

బండలు మునిగిపోవడంతో ముగ్గురూ కోటకే తిరిగొచ్చారు. టిక్కెట్ల గదిలో నాన్న పెద్దావిడకి దుప్పటి కప్పి వేడి టీ ఇచ్చాడు. రెండు గుక్కలు లోపలికి పోయాక ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

"మీ అమ్మాయీ అల్లుడూ బంగారం లాంటివాళ్లండీ. నీళ్లలో కూడా పోట్లాట మాత్రం మానలేదు."

నాన్నకి పొలమారింది.

ఇంజనీరు తడి బట్టలతోనే బల్ల ముందు కూర్చుని రిపోర్టు తీశాడు. ఆమె ఎదురుగా వెళ్లి నిలబడింది.

"ఉన్నది ఉన్నట్టు రాయండి. మొహాలు చూడకుండా లెక్కపెట్టాను. లైసెన్సు పోతే పోనీ."

అతను రాసి కాగితం నాన్నకిచ్చాడు. నాన్న కళ్లజోడు సర్దుకుని పైకి చదివాడు.

"గైడు మొహాలు చూడకుండా లెక్కపెట్టింది. పరీక్షకు వచ్చిన అధికారి వరసలో నిలబడి, తాను గుంపులో లేనని చెప్పలేదు. తప్పు ఇద్దరిదీ. ఈ గైడు విషయంలో నేను నిష్పక్షపాతంగా ఉండలేను కాబట్టి, పరీక్ష వేరే అధికారికి అప్పగించగలరు." ఆయన తలెత్తాడు. "అదేంటి బాబూ, ఎందుకుండలేరు?"

"మీకు తెలియకపోవచ్చు. నాకు నీళ్లలోనే తెలిసింది," అంది పెద్దావిడ.

అతను లేచి ఆమె వైపు తిరిగాడు. "నాలుగు రోజులుగా కసురుకుంటూనే ఉన్నారు. బండల దగ్గర మీ చెయ్యి నా భుజం మీద పడేసరికి కోపం పోయిందేమో అనుకున్నాను. నోరు తెరిస్తే తీసేస్తారని భయపడ్డాను. మీరంటే నాకిష్టమండీ. ఆ ఇష్టంతో ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చాను."

ఆమెకి సంతోషమూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. దేన్ని ముందు బయటపెట్టాలో తెలియలేదు.

"ఇప్పుడు నేను ఊ అంటే లైసెన్సు కోసం అన్నట్టుంటుంది. ఊహూ అంటే అబద్ధమవుతుంది. ఆ సంగతి తేలాక అడగండి," అంది.

పన్నెండు రోజులకి తేలింది. కొత్తగా వచ్చిన అధికారిణి లైసెన్సు రద్దు చెయ్యలేదు గానీ, నెల రోజులు ఆపేసింది. ఆ కాగితం అందిన సాయంత్రమే అతను అవతలి ఒడ్డున బస్సు దిగి, బండలు దాటి కోట గేటుకొచ్చాడు. సుత్తి లేదు, టేపు లేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో దోపుకున్నాడు.

"ఇప్పుడు అడగొచ్చా?"

"నెల రోజులు నాకు పనేం లేదు," అంది ఆమె. "ఆరేళ్లుగా అందరికీ దారి చూపించి చూపించి విసుగొచ్చింది. ఈసారి మీరు చూపించండి, నేను వెనక వస్తాను."

కిటికీలోంచి నాన్న కేకేశాడు. "చీకటి పడేలోగా అతన్ని ఇంటికి భోజనానికి తీసుకురా తల్లీ. మీ అమ్మకి ఇప్పుడే చెప్తున్నాను."