పేరు అడిగిన స్క్రీన్లు

దుప్పటి పోయింది.

పోయిందని మొదట గమనించింది ఎస్సై గంగాధరం తల్లి సౌభాగ్యలక్ష్మిగారు. మధ్యాహ్నం నడుం వాల్చేటప్పుడు ఆవిడ కింద పరుచుకునే గళ్ళ దుప్పటి అది. అంచు చిరిగితే కోడలు హైమవతి ఎర్రదారంతో కుట్టిపెట్టింది. వారమై కనిపించడం లేదు.

"స్టీలు సామాన్లవాడికి వేసేసి ఉంటావు. వంటింట్లో కొత్త గిన్నె కనిపిస్తోంది," అంది ఆవిడ.

"ఆ గిన్నె మా అమ్మ ఇచ్చింది అత్తయ్యా. మీ దుప్పటికి వాడు గరిటె కూడా ఇవ్వడు."

గంగాధరం బెల్టు బిగించుకుంటూ విన్నాడు. పోయినవారం ఇదే గదిలో చీమల గొడవ. మామిడికాయలు గడ్డిలో వేసి మంచం కింద పండబెడతానని తల్లి, ఇల్లంతా చీమలు పడతాయని భార్య. చివరికి గంపనే ఇంట్లోంచి పంపించెయ్యాల్సి వచ్చింది. ఇప్పుడు దుప్పటి.

తీర్పు చెప్పమన్నట్టు తల్లి అతనివైపు చూసింది.

"ఎవరో ఒకరు ఒప్పుకుంటే కేసు మూసేస్తాను," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. హైమవతి కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. అతను జీపెక్కాడు.

నూజివీడు పోలీస్ స్టేషన్. ఉదయం తొమ్మిదిన్నర. మామిడి రైతుల సంఘం సెక్రటరీ సూర్యనారాయణ అప్పటికే వచ్చి కూర్చున్నాడు. చొక్కా చెమటతో వీపుకి అతుక్కుపోయింది.

"మా కంప్యూటర్లో రైతుల పేర్లు మాయమవుతున్నాయండి."

అది ఎనభై తొమ్మిది మే నెల. సంఘానికి కంప్యూటర్ వచ్చి ఏడాది కాలేదు. అద్దాల గదిలో ఒక పెద్ద మెషిన్. బయట మూడు కౌంటర్లు, ఒక్కో కౌంటరుకి ఒక స్క్రీన్, ఒక కీబోర్డు. కాయ తెచ్చిన రైతు కౌంటర్లో పేరు కొట్టించుకుంటాడు. పేరెక్కిన వరసలోనే వేలంపాట జరుగుతుంది. వరస తప్పితే కాయ ఎండలో పడుంటుంది. మామిడికాయ ఎవరి కోసమూ ఆగదు కదా.

వారంగా ఆగిరిపల్లి రైతుల పేర్లు ఎక్కించినవి ఎక్కించినట్టే పోతున్నాయి. వాళ్ళ వంతు వచ్చేసరికి సాయంత్రమై, కాయ వడలిపోయి, అడిగినవాడికి ఇచ్చేసి వెళ్ళిపోతున్నారు. అడిగేది ప్రతిసారీ ఒకే మైలవరం వ్యాపారి. నిన్న రైతులు గేటు ఊపేశారు.

"ఆగిరిపల్లి కౌంటర్లో ఎవరు?"

"సరోజ అనే అమ్మాయండి. తోటల్లో కాయ కోసే అచ్చమ్మ కూతురు. టైపు పాసై టెంపరరీగా చేరింది. ఈ నెలాఖరుకి పర్మనెంట్ చెయ్యాలి."

గంగాధరం మనసులో కేసు అక్కడికే సగం తెమిలిపోయింది.

పదిన్నరకి సంఘం ఆఫీసుకి వెళ్ళాడు. కంపెనీ ఇంజనీరు హైదరాబాదులో ఉన్నాడు, రావడానికి వారం పడుతుందట. ట్రంకాల్‌లో మాత్రం దొరికాడు. గరగర శబ్దాల మధ్య అతను చెప్పింది ఒక్కటే. "చూపించే పెట్టె వేరు, దాచుకునే పెట్టె వేరు సార్. తప్పు కౌంటర్లో ఉందా, మెషిన్లో ఉందా, ముందు అది తేల్చండి. కౌంటర్లో కొట్టిన పేర్లు అరగంటకోసారి గాని డిస్కు మీదికి ఎక్కవు."

గంగాధరం అద్దంలోంచి మెషిన్ గదిలోకి చూశాడు. ఏసీ నడుస్తోంది. ఎదురుగా పచ్చలైట్లు నింపాదిగా వెలుగుతున్నాయి. ఎక్కడో మామిడిపండు వాసన. నూజివీట్లో మే నెలలో ఆ వాసన రాని చోటు ఉందా?

"లోపలికి ఎవరైనా వెళ్తారా?"

"తాళం నా దగ్గరేనండి. బయటివాళ్ళెవరూ వెళ్ళరు." సెక్రటరీ ఏదో చెప్పబోయి, చిన్నగా నవ్వి ఊరుకున్నాడు. "చూస్తారా? దుమ్ము పడకూడదు, బూట్లు మాత్రం విప్పాలి."

గంగాధరం తన బూట్ల లేసుల వంక చూసుకున్నాడు. "అక్కర్లేదు," అన్నాడు.

మిగతా ఇద్దరు గుమాస్తాలు వెంకట రమణ, పార్వతి. మీ పేర్లేమైనా పోయాయా అని అడిగాడు. ఒక్కటీ పోలేదన్నారు. స్క్రీన్లు బాగానే పనిచేస్తున్నాయన్నారు. ఆ తరవాత సరోజను పిలిచాడు. ఇరవై ఏళ్ళుంటాయి. చీరకొంగు భుజం చుట్టూ కప్పుకుని నిలబడింది.

"ఎప్పుడు పోతున్నాయి?"

"మధ్యాహ్నం రెండుకి అటూఇటూగానండి."

"ఆ టైములో కౌంటర్లో ఎవరుంటారు?"

"నేనొక్కదాన్నేనండి. వాళ్ళిద్దరూ ఒంటిగంటన్నరకి భోజనానికి వెళ్తారు. మా ఊరి ట్రాక్టర్లు అప్పుడే వస్తాయని నేను ముందే తినేస్తాను."

"ఏమవుతుంది?"

"స్క్రీన్ నల్లగా అయిపోతుందండి. కాసేపటికి మళ్ళీ వచ్చి నా పేరు అడుగుతుంది. కొట్టి లోపలికి వెళ్తే అంతకుముందు ఎక్కించినవి ఉండవు."

"దానంతటదే?"

"దానంతటదేనండి."

"మిగతా రెండూ బాగుంటే నీదొక్కటే ఎందుకవుతుందమ్మా?"

సరోజ దగ్గర సమాధానం లేదు. గంగాధరానికి అదే సమాధానమైంది.

ఆమెను అరెస్టు చెయ్యలేదు. ఆ మాట తరవాత అతను తనకు తాను చాలాసార్లు చెప్పుకున్నాడు. మైలవరం వ్యాపారి పేరు చెప్పేదాకా కూర్చోమని స్టేషన్ వరండాలో బెంచీ చూపించాడు, అంతే. బెంచీ రోడ్డువైపు ఉంది. ఎదురుగా బస్సులాగే చోటు. ఆగిరిపల్లి బస్సు దిగినవాడల్లా ఆమెను చూసే ఊళ్ళోకి వెళ్ళాడు. కొందరు ఆగి మరీ చూశారు. ఎవరో, కంప్యూటరుతోనే దొంగతనం చేసిందటే అని ఆశ్చర్యపోతూ పోయారు. మధ్యాహ్నం అచ్చమ్మ క్యారేజీ తెచ్చింది. రోడ్డు దాటి రాలేదు. బడ్డీకొట్టు నీడలో నిలబడి, కానిస్టేబుల్ ఆంజనేయులు చేత క్యారేజీ పంపింది. సరోజ మూత తియ్యలేదు.

సాయంత్రం పంపించి, మర్నాడు పొద్దున్నే మళ్ళీ రమ్మన్నాడు. వచ్చింది. అదే బెంచీ మీద కూర్చుంది.

ఆ రెండోరోజు పదకొండింటికి స్టేషన్ ఫోను మూగబోయింది. గంగాధరం రిసీవర్ని రెండుసార్లు తట్టాడు. వైరు లాగి చూశాడు. ఇన్‌స్ట్రుమెంట్ మార్చమని కాగితం పెట్టండని స్టేషన్ రాతకోతలు చూసే రైటర్ మీద కసిరాడు. అప్పుడే బయటినుంచి వచ్చిన ఆంజనేయులు, డాక్టరుగారింట్లోనూ, బ్యాంకులోనూ కూడా ఫోన్లు పనిచెయ్యడం లేదని చెప్పాడు. అంటే తప్పు ఫోన్లో లేదు. ఎక్స్ఛేంజ్‌లో ఉంది.

గంగాధరం చెయ్యి రిసీవర్ మీదే ఉండిపోయింది.

తప్పు కౌంటర్లోనా, మెషిన్లోనా? ఇంజనీరు అడిగిన మొదటి ప్రశ్న. మిగతా ఇద్దరినీ తను అడిగిందేమిటి? పేర్లు పోయాయా అని. భోజనం టైములో పేర్లు కొట్టనివాళ్ళకి పేర్లెలా పోతాయి? వాళ్ళు తిరిగొచ్చేసరికి స్క్రీన్ మీద ఏముందని అడగాల్సింది. అడగలేదు. అడిగేలోపలే దొంగ దొరికేసింది తనకి.

ఒంటిగంటకి అందరూ సంఘం ఆఫీసులో ఉన్నారు. సరోజను కూడా జీపులో తీసుకొచ్చాడు. రైతులు నలుగురైదుగురు గుమ్మంలో మూగారు.

"రమణగారూ, మీరు భోజనం నుంచి వచ్చేసరికి స్క్రీన్ మీద ఏముంటుంది?"

"పేరు అడుగుతుంటుందండి."

"వెళ్ళేటప్పుడు?"

"తెరిచే వదిలేసి వెళ్తాను." అతను ఆగాడు. "పార్వతిగారు మూసేస్తున్నారనుకున్నాను."

"నేనెందుకు మూస్తానండీ? నాదీ పేరే అడుగుతోంది. మీరే అలవాటుగా మూసేసి వెళ్తున్నారనుకున్నా," అంది పార్వతి.

"ఎన్నాళ్ళుగా?"

"ఈ వారంలోనే."

ఇవాళ భోజనానికి ఎవరూ లేవొద్దన్నాడు గంగాధరం. ముగ్గుర్నీ ఎవరి స్క్రీన్ ముందు వాళ్ళని కూర్చోబెట్టాడు. చేతులు ఒళ్ళో పెట్టుకోమన్నాడు. ఎవరూ కీబోర్డు తాకకూడదు.

ఒకటిన్నర. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. రెండు కాబోతుండగా వోల్టేజీ పడిపోయింది. ఏసీ మూలిగి ఆగింది. మెషిన్ మాత్రం స్టెబిలైజర్ మీద నడుస్తూనే ఉంది.

రెండూ పది.

మూడు స్క్రీన్లూ ఒక్కసారే నల్లబడ్డాయి.

కాసేపటికి మూడూ ఒక్కసారే వెలిగాయి. మూడూ పేరు అడిగాయి.

"తప్పు కౌంటర్లో లేదు," అన్నాడు గంగాధరం. "మెషిన్ ఆగిపోతోంది. ఆగినప్పుడు, డిస్కు మీదికి ఎక్కని పేర్లు పోతున్నాయి. ఆ టైములో పేర్లు కొట్టేది ఈ అమ్మాయి ఒక్కతే. అందుకే ఈ అమ్మాయివే పోయాయి. పనిచేస్తున్నందుకు దొంగైంది."

మైలవరం వ్యాపారి చేసింది ఎండ చూసి బేరమాడటం. అంతకుమించి ఏమీ లేదు.

"మరి మెషిన్ ఎందుకు ఆగుతోందండి?" అన్నాడు గుమ్మంలోంచి ఒక రైతు.

గంగాధరం వంగి బూట్లు విప్పాడు.

సెక్రటరీ కంగారుగా అడ్డం వచ్చాడు. "ఎస్సైగారూ, అది తరవాత మనం మనం చూసుకుందామండి." గంగాధరం తాళంచెవి కోసం చెయ్యి చాపాడు.

గది లోపల ఉడికిపోతోంది. మామిడిపండు వాసన గుప్పుమంది. మెషిన్ ముందు భాగం మామూలుగానే ఉంది. వెనక్కి తిరిగాడు. వేడిగాలి బయటికి వదిలే ఫ్యానుకి ఆనించి ఒక గంప ఉంది. గంప నిండా గడ్డి. గడ్డిలో చిన్నరసం మామిడిపళ్ళు. గంప మీదా, ఫ్యాను జాలీ మీదా కలిపి, గాలి పోకుండా చుట్టూ దోపి, ఒక దుప్పటి.

గళ్ళ దుప్పటి. అంచున ఎర్రదారం కుట్టు.

సెక్రటరీ వెనకనే నిలబడి చెవిలో చెప్పుకుపోతున్నాడు. "ఈ దుప్పటి కప్పి ఆంజనేయులు తెచ్చాడండి. ఎస్సైగారి కాయలు, జాగ్రత్తగా పండాలన్నాడు. చీమలుండవు, తాళం ఉంటుంది, వెనకనుంచి వెచ్చటి గాలి. మా బంట్రోతు చిన్నప్ప చేత దగ్గరుండి పెట్టించాను. మీకు తెలుసనుకున్నాను. నిన్న అందుకే లోపలికి రాలేదనుకున్నాను."

నిన్న ఆ నవ్వుకి అర్థం ఇదన్నమాట. ఇంత చిన్న గదిలో తన ఇంటి వస్తువు నాలుగడుగుల దూరంలో ఉండగా, లేసులు విప్పడానికి బద్ధకించాడు. ఆ బద్ధకానికి ఒక ఆడపిల్ల రెండు రోజులు బెంచీ మీద కూర్చుంది.

దుప్పటి చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని బయటికి వచ్చాడు. మెషిన్‌కి గాలి ఆడక ఒళ్ళు కాగి ఆగిపోతోందని, ఏసీ ఆగినప్పుడు మరీ ఎక్కువని, అడ్డం తీసేశానని రైతులకి చెప్పాడు. అమ్మాయి తప్పేమీ లేదన్నాడు. అంతా నిజమే. ఏదీ అబద్ధం కాదు.

సరోజ అతని చంకలోకి చూస్తోంది.

"ఆ దుప్పటి ఎవరిదండీ?"

మెల్లగానే అడిగింది. గుమ్మంలో ఉన్నవాళ్ళంతా అతనివైపు తిరిగారు. ఆంజనేయులు నేల చూశాడు.

"దర్యాప్తులో తేలుతుంది," అన్నాడు గంగాధరం.

ఆమె తన స్క్రీన్ ముందు కూర్చుని, అది అడుగుతున్న పేరు కొట్టింది.

ఆ రాత్రి ఇంట్లో ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. హైమవతి వడ్డిస్తూనే తింటోంది. వీధిగదిలో కుర్చీ మీద గళ్ళ దుప్పటి, పక్కనే ఆంజనేయులు తెచ్చి దించిన పళ్ళ గంప ఉన్నాయి. ముందు తల్లే చూసింది. కోడలివైపు ఒకసారి చూసి, కళ్ళు దించుకుని, కంచంలో మెతుకులు కెలుకుతూ కూర్చుంది. నిన్న పొద్దుటి గిన్నె మాట వెనక్కి తీసుకోవడం ఆవిడకి చేతకాలేదు. ఆ కొత్త గిన్నెను మాత్రం తన వైపుకి జరుపుకుని, అందులోంచే పప్పు వేసుకుంది.

"పళ్ళు పండాయి. వేయనా?" అంది హైమవతి.

"వద్దు."

"దుప్పటి ఎక్కడ దొరికిందండీ?"

మధ్యాహ్నం సరోజ అడిగిన ప్రశ్నే ఇంకోలా వచ్చింది. ఈసారి తప్పించుకోవడానికి దర్యాప్తు లేదు. గంగాధరం మొదటినుంచీ చెప్పాడు. గంప సంగతి, ఫ్యాను సంగతి, మూడు స్క్రీన్ల సంగతి, విప్పని బూట్ల సంగతి. చివరికి బెంచీ సంగతి. అచ్చమ్మ రోడ్డు దాటి రాలేదని చెప్పేటప్పుడు కంచంలోకి చూశాడు.

హైమవతి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"ఆ పిల్ల అడిగితే ఏం చెప్పారు?"

అతను చెప్పాడు. ఆమె గరిటె కింద పెట్టేసింది.

"రేపు పొద్దున్న ఫస్టు బస్సుకి ఆగిరిపల్లి వెళ్తున్నాను," అన్నాడు గంగాధరం. "దుప్పటి ఎవరిదో అక్కడ చెప్తాను. రిపోర్టులో కూడా నా పేరే రాస్తున్నాను. ఆ అమ్మాయి ఉద్యోగం పోకూడదు."

"జీపు ఉండగా బస్సెందుకు?" అంది హైమవతి. అడ్డు చెప్తున్నట్టు లేదు.

"ఆమెను చూసిన వాళ్ళంతా ఆ బస్సు ఎక్కి దిగేవాళ్ళే. యూనిఫాం వేసుకునే వెళ్తాను."

సౌభాగ్యలక్ష్మిగారు తలెత్తింది. "తప్పైందని చెప్పడం మంచిదే. కానీ నలుగురిలో ఎందుకురా? ఆ పిల్లనీ తల్లినీ ఇంటికి పిలు. భోజనం పెట్టి, మెల్లిగా మన మధ్యనే చెప్పుకుందాం."

గంగాధరం చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

"కూర్చోబెట్టింది నలుగురిలోనే కదమ్మా."