వెళ్లని మెయిళ్లు

సెలవు రోజున ఆఫీసుకి ఒక రకమైన బద్ధకం పడుతుంది. కుర్చీలు బల్లల కిందికి దూరి పడుకుంటాయి. మంచినీళ్ల డబ్బా ఉండుండి ఒక బుడగ వదిలి మళ్లీ ఊరుకుంటుంది. పళ్లు నిలవచేసే ఆ గోదాము ఆఫీసులో ఆ మధ్యాహ్నం ఉన్నది ఇద్దరే. ఒకరు మేనేజరు, రెండోది అతని చెల్లెలు. బయట ఎండ మండిపోతోంది. దెయ్యం కథకి ఇది వేళ కాదని మీరు అనొచ్చు. ఆ ముక్క దెయ్యానికి ఎవరూ చెప్పినట్టు లేదు.

పాడైన మెయిల్ ఫైళ్లు బాగుచేయడం చెల్లెలి పని. "ఫైళ్ల డాక్టరు" అని ఇంట్లో ఏడిపించేది అన్నయ్యే, పదిమందిలో ఆకాశానికెత్తేదీ అన్నయ్యే. అమ్మానాన్నలు పోయాక తన చదువు మానేసి, ఇదే గోదాములో పెట్టెలు మోసి ఆమెని చదివించాడు. అందుకని అన్నయ్య రమ్మంటే ఎందుకని అడిగే అలవాటు ఆమెకి లేదు. బ్యాగు భుజాన వేసుకుని వచ్చేసింది.

అన్నయ్య టీ గ్లాసు ఆమె ముందు పెట్టి, బీరువాలోంచి ఒక లాప్‌టాప్ తీశాడు. దాన్ని రెండు వేళ్లతో పట్టుకున్న తీరు చూస్తే నవ్వొచ్చేదే, కానీ అతని మొహం చూసి ఆమె నవ్వలేదు.

"ఇది స్టోరమ్మదే."

సరుకు లెక్క చూసే ఆవిణ్ణి గోదాములో అందరూ అలాగే పిలిచేవారు. కిందటి నెల సెలవుకి ముందు సాయంత్రం ఆవిడ కోల్డ్ రూములో పెట్టెలు లెక్కపెడుతుంటే తలుపు మూసుకుపోయింది. సెలవు అయ్యాక తెరిస్తే, ఒళ్లో ఈ లాప్‌టాప్ పెట్టుకుని గోడకి ఆనుకుని గడ్డకట్టి ఉంది. చలికి బ్యాటరీ చచ్చిపోయి, మెయిల్ ఫైలు రాస్తూ రాస్తూ మధ్యలో ఆగి పాడైంది.

"రేపు విచారణకి వచ్చే ఆయన దీన్ని పట్టుకెళ్తాడు. తెరుచుకోకపోతే నేనే పాడుచేశానంటారమ్మా. జైల్లో కూర్చోవాలి."

"తెరుచుకుంటే చాలా?"

"ముందు తెరువు. తర్వాత సంగతి తర్వాత."

ఆ రెండో 'తర్వాత' దగ్గర అతని గొంతు కాస్త తడబడింది. చెల్లెలు పట్టించుకోలేదు.

ఆమె దాన్ని కరెంటుకి తగిలించి, ముందు ఫైలుని తన లాప్‌టాప్‌లోకి కాపీ చేసుకుంది. అసలుని ముట్టుకోకూడదు, కాపీ మీదే పనిచేయాలి, అది ఆమె నియమం. మెయిల్ ప్రోగ్రాముతో పాటే ఒక రిపేరు టూలు వస్తుంది. చిన్నాచితకా దెబ్బలకి అది సరిపోతుంది. ఈ ఫైలు మీద పెడితే పచ్చగీత సగం దాకా పాకి ఆగి, తప్పులున్నాయి, సరిచెయ్యనా అని అడిగింది. చెయ్యమంది. చేశానంది. తెరిచి చూస్తే లోపల ఖాళీ. ఇంకో కాపీ మీద పెడితే ఈసారి అసలు ఇది మెయిల్ ఫైలే కాదు పొమ్మంది.

ఇక తన పద్ధతిలోకి దిగింది. ఏ మెయిలు ఎక్కడుందో చెప్పే సూచిక ఒకటి ఇలాంటి ఫైలు మొదట్లో ఉంటుంది. అది చెడితే టూలు చేతులెత్తేస్తుంది. మెయిళ్లు మాత్రం ఎక్కడివక్కడే పడుంటాయి. వాటిని ముక్కముక్కగా వెతికి, అతికి, కొత్త ఫైల్లోకి ఎక్కించాలి. ఓపిక ఉన్నవాళ్లకే వచ్చే పని. ఆమెకి ఓపిక దండిగా ఉంది.

టీ చల్లారింది. ఫ్యాను కిరకిరమంటోంది. ఎక్కడినుంచో ముగ్గిపోయిన పళ్ల వాసన, తియ్యగా, కాస్త కుళ్లుగా వస్తోంది. మెయిళ్లు ఒకటొకటే పైకి తేలడం మొదలైంది.

మొదట మామూలువే. ఎన్ని పెట్టెలు వచ్చాయి, ఎన్ని వెళ్లాయి. ఆ తర్వాత ఒకటి. 'సార్, కోల్డ్ రూము తలుపుకి లోపలి పిడి ఊడిపోయింది. లోపల ఉన్నప్పుడు మూసుకుంటే బయటికి రాలేం.' కొన్నాళ్లకి ఇంకొకటి. 'సార్, తలుపు సంగతి గుర్తుచేస్తున్నాను.' ఇంకొకటి. ఇంకొకటి. అన్నీ అన్నయ్యకే. ఒక్కదానికీ జవాబు లేదు.

ఇంకా అడుగున, పంపినా బయటికి వెళ్లకుండా చిక్కుకుపోయినవి ఉన్నాయి.

'సార్, లోపల ఉండిపోయాను. తలుపు తియ్యండి.'

'సార్, ఎవరైనా ఉన్నారా? తలుపు తియ్యండి.'

'వేళ్లు వంగట్లేదు. తలుపు.'

చిట్టచివరిది ఇది. 'ఎన్నిసార్లు చెప్పాను సార్. తలుపు గురించి ఎన్నిసార్లు చెప్పాను. నా ఉసురు ఊరికే పోదు.'

"అన్నయ్యా, ఒక్క ఫిర్యాదు కూడా రాలేదన్నావు కదా అందరితో?"

అన్నయ్య ఆమె పక్కన నేలమీదే చతికిలబడిపోయాడు.

"మెల్లగా మాట్లాడమ్మా... గోడలకి చెవులుంటాయి. చూద్దాంలే, చూద్దాంలే అని పెడచెవిన పెట్టాను. ఆ సాయంత్రం మూసేస్తూ ఆఫీసు మెయిన్ స్విచ్చి కట్టేసింది కూడా నేనే. కోల్డ్ రూముది వేరే లైను, అది ఆగదు. వైఫై పోయింది. అందుకే అవి వెళ్లలేదు. లోపల మనిషి ఉందని నాకేం తెలుసు?"

"తలుపు తీసి చూడలేదా?"

"లేదు."

అతను ఆమె మోకాలు పట్టుకున్నాడు. చిన్నప్పుడు ఆమె జ్వరంతో పడుకుంటే తెల్లవార్లూ ఆ చెయ్యే నుదుటి మీద ఉండేది.

"నా దగ్గరికొచ్చినవి నేనెప్పుడో చెరిపేశాను. ఇందులో తలుపు అన్న మాట ఉన్నవన్నీ తీసెయ్ బంగారం. మిగిలిన ఫైలు శుభ్రంగా ఉంటే చాలు. నిన్నేనాడైనా ఏమైనా అడిగానా?"

అడగలేదు. అదే ఆమె పీకల మీదికి వచ్చింది. చచ్చిపోయిన మనిషి ఒకవైపు, పెంచిన చెయ్యి ఒకవైపు. న్యాయం ఏమిటో ఆమెకి స్పష్టంగా తెలుసు. తెలిసే తలూపింది.

అన్నయ్య కళ్లు తుడుచుకుని లేచాడు. "తలుపుకి కొత్త పిడి వేయించాను. రేపు వాళ్లు మొదట చూసేది అదే. సరిగ్గా తిరుగుతోందో లేదో ఒకసారి చూసొస్తా." చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. "ఆ మూల ఫోను కలవదు, వైఫై అందుతుంది. ఏదైనా ఉంటే మెయిలు పెట్టు."

"అన్నయ్యా, ఆ గదిలోకి నువ్వొక్కడివే..."

"పిచ్చిదానా. యంత్రాల ఫ్యూజులు ఆవిడ పోయినప్పుడే పోలీసులు పీకి పట్టుకెళ్లారు. ఇప్పుడది మామూలు గది. కుళ్లు కంపు తప్ప ఏం లేదు."

నడవా చివరిదాకా అతని చెప్పుల చప్పుడు వినిపించింది. తర్వాత అదీ లేదు.

అలాంటి మెయిళ్లని ఒక్కొక్కటీ చదివి చెరిపే గుండె ఆమెకి లేదు. అందుకని కొత్త ఫైలుని మెయిల్ ప్రోగ్రాములో తెరిచి ఒక రూలు పెట్టింది. 'తలుపు' అన్న మాట ఎందులో కనిపించినా ఆ మెయిలుని అక్కడికక్కడే చెరిపెయ్, చూపించకు. అదే ప్రోగ్రాములో తన సొంత మెయిలు కూడా తెరిచే ఉంది. కంగారులో ఆ సంగతి ఆమెకి తట్టలేదు. బటన్ నొక్కింది. కింద 'చెరిపినవి' అన్నచోట అంకె గబగబా పెరిగి ఆగింది.

అయిపోయింది. స్టోరమ్మ నోరు రెండోసారి మూయించినట్టే. చెల్లెలికి తన వేళ్లని చూస్తే తనకే అసహ్యం వేసింది.

అప్పుడు ఆ అంకె ఒకటి పెరిగింది.

ఆమె మౌసు ముట్టుకోలేదు. ఫైల్లో చెరపడానికి ఇంకేమీ మిగల్లేదు. తెర వైపు రెప్పవేయకుండా చూసింది. ఏదో పొరపాటై ఉంటుంది, అంతే...

ఇంకొకటి పెరిగింది.

పళ్ల వాసన చిక్కబడింది. ఫ్యాను గాలి ఉన్నట్టుండి చన్నీళ్లు చల్లినట్టు తగిలింది. ఊపిరి వదిలితే నోటి ముందు పొగ. బయట ఎండ అలాగే ఉంది. కిటికీ అద్దం మీద మాత్రం లోపలివైపు తడి పొర కడుతోంది.

ఇంకొకటి.

నడవా చివరినుంచి... డబ్. చాలా మందమైన దానిమీద ఎవరో అరచేత్తో కొట్టిన చప్పుడు. డబ్. డబ్. తర్వాత ఒక గొంతు. ఆడదో మగదో తెలియదు. మందపాటి గోడల్లోంచి నలిగి వచ్చిన గొంతు.

"తలుపు... తలుపు తియ్యి..."

ఆమె ఒక్క ఉరుకున వెళ్లి ఆఫీసు గదికి గడియ పెట్టింది. బల్ల ఈడ్చి అడ్డం వేసింది. అంకె పెరుగుతూనే ఉంది. చెరిపిన కొద్దీ లేచి వస్తోంది ఆవిడ. ఎన్నిసార్లు చెప్పానో అంటూ వస్తోంది...

"నాకు నువ్వేమవుతావమ్మా?" అని గొణిగింది చెల్లెలు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. "ఆయన మా అన్నయ్య. నీకు దండం పెడతా... నన్ను వదిలెయ్. పో... పో ఇక్కణ్ణించి."

డబ్. డబ్.

"తియ్యవే... చచ్చిపోతున్నా..."

"తియ్యను!" అని అరిచింది. అరిచి, రెండు చెవులూ మూసుకుని బల్ల కింద ముడుచుకుంది. ఇక నేను చెప్పలేను ఆమె ఎంతసేపు అలా ఉందో. ఆమెకే తెలియదు.

చేతులు తీసేసరికి చప్పుడు లేదు.

లేచి చూస్తే అంకె ఆగిపోయి ఉంది. పోయింది, పీడ వదిలింది అనుకుంది. నిజం చెప్పాలంటే కాస్త పొగరుగా కూడా అనుకుంది, బతికున్నవాళ్ల మొండితనం ముందు చచ్చినవాళ్ల మొండితనం ఏపాటిదని. సరిగ్గా అప్పుడే ఆమె సొంత మెయిల్లోకి కొత్తది ఒకటి వచ్చి నిలిచింది. పంపింది అన్నయ్య. ఒకే వాక్యం.

'లోపల నేనొక్కణ్ణే లేను.'

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. అన్నయ్య ఇంతసేపూ ఎందుకు రాలేదు? ఈ ఒక్క మెయిలే ఎందుకు వచ్చింది? దీనికి ముందువి... వేళ్లు చచ్చుబడుతుంటే రూలు దేన్ని చెరిపిందో చూపించే జాబితా తెరిచింది. పైనున్నవి స్టోరమ్మవి. కింద ఉన్నవి ఆవిడవి కావు.

'తలుపు రావట్లేదు.' అన్నయ్య.

'తలుపు తియ్యమ్మా.' అన్నయ్య.

'వినపడట్లేదా? తలుపు.' అన్నయ్య. అన్నయ్య. అన్నయ్య. చివరిదాకా అన్నయ్యే.

బల్ల ఎలా లాగిందో, గడియ ఎలా తీసిందో ఆమెకి గుర్తులేదు. నడవాలో పరిగెత్తింది. మందపాటి ఉక్కు తలుపుకి బయటినుంచి ఏ గడియా లేదు. లాగితే పూచికపుల్లంత తేలిగ్గా వచ్చేసింది.

లోపల మంచు. ఫ్యూజు లేదు, కరెంటు లేదు, యంత్రం చప్పుడు లేదు. గోడల నిండా, నేల నిండా తెల్లగా మంచు. తలుపు పక్కనే అన్నయ్య గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఒళ్లో ఫోను. రెప్పల మీద మంచు పేరుకుంది.

"అన్నయ్యా... అన్నయ్యా, నేను... వచ్చాను చూడు..."

భుజం పట్టుకుని కుదిపింది. మనిషి కదల్లేదు, మొత్తం శరీరం ఒక్కటిగా పక్కకి ఒరిగింది. పెంచిన చేతిని తన చెంపకి ఆనించుకుని ఆమె ఏడ్చిన ఏడుపు పగవాళ్లకి కూడా వద్దు. నిన్ను నేనే చంపుకున్నాను అన్నయ్యా, పిలుస్తున్నది నువ్వని తెలియక, తియ్యనని నేనే అరిచాను, అని ఏడ్చింది.

వెనక తలుపు తన బరువుకి తనే మెల్లగా వచ్చి మూసుకుంది.

ఆమె ఉలిక్కిపడి, ఏడుస్తూనే వెళ్లి లోపలి పిడి పట్టుకుంది. బిగుసుకుపోయి ఉంటుందనుకుంది. లేదు. కొత్త పిడి, చిటికెనవేలితో నొక్కితే చాలు, నూనెలో తిరిగినట్టు తిరుగుతోంది. తలుపు తెరుచుకుంది. అన్నయ్య చేతిలో ఎందుకు తిరగలేదు?

అప్పుడు తెలిసింది ఆమెకి, తన అరచేతిలో ఏముందో. ముట్టుకుంటే చర్మం అంటుకుపోయే మంచులో, ఆ ఇనప పిడి ఒక్కటే వెచ్చగా ఉంది. చెమటతో తడిసి ఉంది. అవతలిపక్క ఎవరూ లేరు. ఇవతలే, లోపలే, ఎవరో చాలాసేపు దాన్ని గట్టిగా బిగించి పట్టుకుని, ఇప్పుడే వదిలారు.