కిరీటాల్లో పదకొండు పేర్లు

"చంపిందెవరో తరవాత చూద్దాం. పోయిందేమిటో ముందు విను," అన్నాడు చీఫ్ గెర్షోన్.

గూఢచారి శాఖ హైఫా ఆఫీసులో రికార్డు గుమాస్తా హత్య జరిగి మూడు రోజులైంది. పోయింది డమాస్కస్‌లో పనిచేస్తున్న పదకొండుమంది ఏజెంట్ల అసలు పేర్లు. వాళ్లలో ఏడోవాడు యెరుహాం, ఎదురుగా నిలబడి వింటున్న ఏజెంట్ ఎల్కానాకు సొంత తమ్ముడు.

"సఫేద్ ఊళ్లో రెబ్ పిన్హాస్ అనే పండితుడి దుకాణం. ఆయనతో కలిపి నలుగురు లేఖకులు, యూదుల వేదం చేత్తో రాసేవాళ్లు. ఒకడు శత్రువు మనిషి. పేర్లని ధూళి రేణువంత ఫిల్మ్ చుక్కలు చేసి, చర్మపత్రం మీద అక్షరాల తల మీద గీసే కిరీటాల్లాంటి సన్న గీతల్లో అతికించాడట. సరిగ్గా పదకొండింటికి ఆ పత్రం పట్టుకెళ్లడానికి కొరియర్ వస్తాడు."

"రెయిడ్ చేసేద్దాం సార్!"

"పోలీసు బూటు ఆ గడప తొక్కితే ఊరు ఊరంతా వీధిలో పడుతుంది. ఆ గందరగోళంలో వాడు జారుకుంటాడు. ముందు మనిషిని తేల్చు."

"కబురు తెచ్చిందెవరు?"

"ఫ్లోరా."

ఎల్కానా తల పట్టుకున్నాడు. రెండు ప్రభుత్వాలకీ పనిచేస్తూ రెండింటినీ ఏడిపించే మనిషి!

పదిన్నరకి ఎల్కానా, ఫ్లోరా కొత్త దంపతుల వేషంలో దుకాణంలో అడుగుపెట్టారు. ఫ్లోరా జుట్టు రుమాలులో దాచింది గానీ లిప్‌స్టిక్ మాత్రం వదల్లేదు.

"ఏమండీ, మొహం కాస్త నవ్వుగా పెట్టండి. బలవంతపు పెళ్లి అనుకుంటారు," అని చెవిలో గొణిగింది.

"నోర్మూసుకుని నడువు."

నలుగురూ తలలు వంచి, ప్రతి మాటా పైకి పలికి ఆ తరవాతే రాస్తున్నారు. ఎవరూ వచ్చినవాళ్లని పట్టించుకోలేదు, ఎష్కోలి అనే పడుచువాడు తప్ప.

"గుమ్మానికి కట్టే పత్రమా అమ్మా? ఇదిగో, మొదటి అక్షరం ఆలెఫ్ చూడండి. పైన ఒక చుక్క, కింద ఒక చుక్క, నడుమ వాలుగా గీత. పై జలాలు, కింది జలాలు. విడిపోయిన నాటి నుంచీ ఏడుస్తున్నాయి. అక్షరం చుట్టూ ఉన్న తెలుపు కూడా వేదమే!"

ఎంత చదువు! ఎల్కానా ముచ్చటపడ్డాడు కూడా. అతని అనుమానం కిటికీ పక్క ముసలాయన మీద ఉంది. ఆ చెయ్యి వణుకుతోంది. గడియారం పది యాభై దాటింది. యెరుహాం ఈపాటికి కాఫీ తాగుతుంటాడు, పాపం, ఏమీ తెలీకుండా.

"పవిత్ర నామం కోసం రాస్తున్నాను," అని గొణిగి ముసలాయన కలం ఆనించాడు.

ఆ మాట ఎల్కానాకి చిన్ననాటి నుంచీ తెలుసు. నాన్న కూడా లేఖకుడే. చిన్నప్పుడు తను మెట్ల మీంచి దొర్లి కేకపెట్టినా, దేవుడి నామం పూర్తయ్యేదాకా ఆయన తల తిప్పలేదు. నామం రాసేటప్పుడు రాజు పలకరించినా నిజమైన లేఖకుడు పలక్కూడదట. ఆ కోపం తనకి ఇప్పటికీ చావలేదు.

"షాలోం తాతా!" అని పలకరించాడు ఎల్కానా. ముసలాయన ఉలకలేదు, పలకలేదు.

తరవాత రెబ్ పిన్హాస్ కలం నామం దగ్గరికి వచ్చేదాకా ఆగి ఆయన్నీ పలకరించాడు. జవాబు లేదు. మూడోవాడూ అంతే. పదకొండుకి ఒక్క నిమిషం.

ఎష్కోలి కూడా పవిత్ర నామం కోసమంటూ గొణిగి కలం పెట్టాడు.

"షాలోం!"

"షాలోం షాలోం! కూర్చోండి, నిలబడే ఉన్నారే!" సగం నామం దగ్గర కలం ఎత్తి నవ్వాడు.

మిగతా మూడు కలాలూ టక్కున ఆగాయి. దొరికిపోయానని ఎష్కోలికి అర్థమైంది. చుట్టిన పత్రం లాగి కిటికీకి ఉరికాడు. బయట మోటార్‌సైకిల్ మీంచి ఒక చెయ్యి చాచి ఉంది. ఎల్కానా దూకి ఎష్కోలి గడ్డం పట్టుకుంటే పెట్టుడు గడ్డం చేతిలోకొచ్చింది! పత్రం ఆ చేతికి తగిలే లోపల ఫ్లోరా హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్తోలు పేలింది. టైరు పగిలి మోటార్‌సైకిల్ బోర్లా పడింది.

"పెళ్లికొడుకు గారూ, గడ్డం వదిలి మనిషిని పట్టుకోండి!" అని అరిచింది.

కిటికీకి వేలాడుతున్న ఎష్కోలిని ఎల్కానా కాళ్లు పట్టి ఈడ్చాడు.

మధ్యాహ్నం గెర్షోన్ వచ్చి పత్రం కాల్చెయ్యడానికి అగ్గిపుల్ల గీస్తే రెబ్ పిన్హాస్ ఊది ఆర్పేశాడు.

"ఇందులో దేవుడి నామం ఉంది నాయనా. ఎవడు రాసినా కాల్చకూడదు. పాత గ్రంథాలతో పాటు పూడ్చాలి."

గెర్షోన్ సణుక్కుంటూనే కొండవాలు శ్మశానానికి నడిచాడు. గొయ్యి ఎల్కానాయే తవ్వాడు, నిలువెత్తు లోతు. మట్టి కప్పుతుంటే కళ్లలోంచి నీళ్లు ఆగలేదు. తమ్ముడు బతికే ఉన్నాడు.

దారినపోయే ముసలమ్మ ఆగి, "ఎవరు పోయారు బాబూ?" అంది.

"ఎవరూ పోలేదమ్మా," అన్నాడు ఎల్కానా ముక్కు తుడుచుకుంటూ. "అందుకే పాతిపెడుతున్నాం."