గచ్చు కింద ఎద్దు

పురావస్తు తవ్వకాల అధికారిణి డిటెక్టివ్ ఎదుట కుర్చీలో కూర్చోకుండానే మాట్లాడటం మొదలుపెట్టింది. రేపటికల్లా తన మీద పడ్డ నింద తొలగకపోతే స్థలం కట్టుబడి కంపెనీ చేతికి పోతుందనీ, తవ్వకంలో బయటపడ్డ పొయ్యిలూ గాదెలూ వీధీ అన్నీ యంత్రాల కింద నుగ్గునుగ్గవుతాయనీ చెప్పింది. చెబుతూ చెబుతూ గోడ పట్టుకుంది.

డిటెక్టివ్ మేనకోడలు మంచినీళ్లు తెచ్చిచ్చింది. అత్త దగ్గర సహాయకురాలిగా చేరాక ఏడ్చేవాళ్లను చాలామందిని చూసింది గానీ, ఏడవడానికి కూడా తీరిక లేని మనిషిని చూడటం అదే మొదలు.

సంగతి ఇదీ. నగరం నడిబొడ్డున పాత ఇళ్ల వరుసను కూల్చారు. కొత్త అంతస్తులు లేపేముందు నేల తవ్వి చూడాలన్నది చట్టం. చూస్తే అడుగున ఒక ప్రాచీనమైన ఊరే బయటపడింది. ఈ వారం ఓ ఇంటి సున్నపు గచ్చును ఎత్తించి, దాని కింద తవ్వుతుంటే అధికారిణి చేతికి మట్టి ఎద్దు దొరికింది. మర్నాడే కంపెనీ ఇంజనీరు అచ్చం అలాంటి బజారు బొమ్మనే పట్టుకొచ్చాడు. రెండింటి పొట్ట మీదా, బొమ్మను అచ్చులో పోసినప్పుడు పడే గీత ఒకేలా ఉంది. ఆ బొమ్మను ఎవరో తన బల్ల మీద పెట్టి పోయారన్నాడు.

"ఎత్తించేముందు గచ్చుకు వెంట్రుకవాసి పగులు కూడా లేదు. కాబట్టి దాని కింద బొమ్మ పెట్టగలిగింది తవ్విన నేనేనట," అంది అధికారిణి. "అక్కడికక్కడే పని ఆపించారు. ఇన్నాళ్లూ దొరికినవన్నీ దొంగవేనంటున్నారు."

"మీరు పెట్టారా?" అంది డిటెక్టివ్.

"లేదండీ."

"అయితే పదండి."

ఎండ మాడ్చేస్తోంది. ఎద్దు దొరికిన చోటిని ఆనుకునే అంతకుముందు తవ్విన లోతైన గొయ్యి ఉంది. అందులో ఒకాయన గోడకు ముఖం పెట్టి పీట మీద కూర్చున్నాడు. అందరూ గీతల మాస్టారంటారు. ఆకు ఆకారంలో ఉన్న చిన్న తాపీతో గోడను గీకి, మట్టి పొరల రంగులు తేలేలా నీళ్లు చిమ్మి, వాటిని కాగితం మీద గీయడం ఆయన పని. పని ఆపమన్నా గీయడం మాత్రం మానలేదు. మేడమ్ అలాంటి మనిషి కాదనీ, ఇదంతా కంపెనీవాళ్ల నిర్వాకమేననీ ఆయన గట్టిగా చెప్పాడు.

ఇంజనీరును అడిగితే, తనను తవ్వకం చుట్టూ కట్టిన తాడు దాటనిస్తేగా అన్నాడు. "దాటనిచ్చినా దిగనండీ. కొత్త బూట్లు."

తాడుకు అవతల రేకుల షెడ్డు. ఇళ్లు కోల్పోయిన అద్దెవాళ్లు, కంపెనీ లేపే కొత్త అంతస్తుల్లో తమకు గదులు వచ్చేదాకా ఉండాల్సింది అందులోనే. మాస్టారి అక్క కూడా అక్కడే ఉంటుంది. గుమ్మంలో కూర్చుని, దగ్గు ఆగినప్పుడల్లా తమ్ముడి వైపు చూస్తోంది. లోపలికి తొంగిచూసిన మేనకోడలికి పొయ్యిలో తల పెట్టినట్టయింది.

తిరిగొచ్చి గోతిలోకి దిగింది. గోడ మీద మట్టి పొరలు చీర అంచుల్లా చారలు చారలుగా ఉన్నాయి. గచ్చుకు కాస్త దిగువన పళ్లెమంత చోట మాత్రం చారలు కలగాపులగమై, చుట్టూ సన్నటి పగులు గుండ్రంగా తిరిగింది. ఆ మాటే అత్త చెవిలో వేసింది. డిటెక్టివ్ మేనకోడలి భుజం తట్టింది.

మర్నాడు మధ్యాహ్నం అందరూ గోతి చుట్టూ చేరారు. పై అధికారి వచ్చాడు. షెడ్డువాళ్లు తాడు దగ్గర నిలబడ్డారు. ఆకాశం మూసుకొస్తోంది.

"బొమ్మను గచ్చు పైనుంచి ఎవరూ పెట్టలేదు," అంది డిటెక్టివ్. "తలుపుకు తాళం వేసుకుని గోడను మరిచిపోయాం."

ఆమె వేలితో తోయగానే పళ్లెమంత మట్టి రాలింది. వెనక చెయ్యి పట్టేంత బొరియ, సరిగ్గా ఎద్దు దొరికిన చోటికే పోయింది. ఒకసారి తవ్వి తిరిగి కూరిన తడిమట్టి ఆరేకొద్దీ కుంచించుకుపోతుందని, గుండ్రటి పగులు అలా వచ్చిందని చెప్పింది. బొరియ లోపల సన్నటి, ఆకు లాంటి తాపీ మొన గుర్తులు.

"ఇంజనీరుగారు తాడు దాటలేరు. కూలీలు నలుగురి మధ్యా పనిచేస్తారు. రోజంతా ఈ గోడ ముందు కూర్చుని, గీకినా తడిపినా ఎందుకని ఎవరూ అడగని మనిషి ఒక్కరే. అచ్చు గీత ఉన్న బొమ్మనే ఎంచుకున్నది, దానికి జతను ఇంజనీరు బల్ల మీదికి చేర్చింది, బొమ్మ దొంగదని బయటపడాలనే. అవునా, మాస్టారూ?"

మాస్టారు కాదనలేదు. తవ్వకం ఆగితే చాలనుకున్నానన్నాడు.

"నా మీద పడుతుందని తెలియదా?" అంది అధికారిణి.

"తెలుసు, మేడమ్. తెలిసే పెట్టాను."

తాడు దగ్గరి నుంచి అక్క గొంతు వినిపించింది. "నేనడిగానురా నిన్ను?"

"నువ్వెప్పుడు అడిగావక్కా? పోయిన వానల్లో బావ ఆ రేకుల కిందే పోయాడు. ఈ వానలకు నువ్వు పోతావు. గీతలు గీస్తూ చూస్తూ ఉండమంటావా?"

నివేదికలో పేరు రాయాలా అని పై అధికారి నీళ్లు నమిలాడు. అధికారిణి కళ్లు తుడుచుకుంది. రాయకపోతే ఈ ఊరంతా అబద్ధంగానే మిగిలిపోతుందని, రాయమని చెప్పింది. పోలీసులు మాస్టారిని తీసుకెళ్లారు. తవ్వకం తిరిగి మొదలుపెట్టమని అక్కడే ఉత్తర్వు అందింది. కంపెనీ పని మరో ఏడాది వెనక్కి పోయిందని ఇంజనీరు ఫోన్‌లో ఎవరికో చెప్పుకుంటున్నాడు.

చినుకు మొదలైంది. గోతి మీద పరచడానికి తెచ్చిన పెద్ద టార్పాలిన్‌ను అధికారిణి భుజానికెత్తుకుని షెడ్డు దగ్గరికి నడిచింది. ముందు రేకుల మీద కప్పిస్తానంది.

అక్క ఆమెను కిందికీ మీదికీ చూసింది. "వద్దమ్మా. మీ పాత ఊరికే కప్పుకోండి," అని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

అధికారిణి కదల్లేదు. వాన పెద్దదయింది. గోతి గోడ నుంచి మట్టి జారడం చూసి మేనకోడలు పరుగున వచ్చి టార్పాలిన్ రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ దాన్ని ఈడ్చుకుంటూ గోతి వైపు నడిచారు.